అయిదు చుట్లు, ఆపైన మూడో వంతు

మొదటి నెల

పాత హిప్‌హాప్ డీజేల్లా రికార్డులు చేత్తో తిప్పి దరువు నడపడం నేర్చుకుందామనుకున్నాను. న్యూజెర్సీలో మా ఇంటి బేస్‌మెంట్‌లో బియ్యం బస్తాల పక్కన రికార్డులు తిప్పే రెండు పాత టర్న్‌టేబుళ్లు చేరాయి. మొదట చవకగా దొరికిందని రబ్బరు బెల్టుతో తిరిగే రకం కొని పొరపాటు చేశాను. చేత్తో ఆపి వదిలితే అది మళ్లీ వేగం అందుకునేలోపు దరువు సాగిపోతుంది. రికార్డు కింది పళ్లాన్ని మోటారే నేరుగా తిప్పే రకం కావాలి. దాన్ని అమ్మేసి, అలాంటివి రెండు తెచ్చాను. ఒకే పాత ఫంక్ ఎల్పీవి రెండు ప్రతులు కూడా.

ఒకే రికార్డు రెండెందుకని మా ఆవిడ అడిగింది. పాటలో గాయకుడూ గిటారూ పక్కకు తప్పుకుని డ్రమ్ములు మాత్రమే మిగిలే ముక్కను బ్రేక్ అంటారు. అది కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఒక ప్రతిలో బ్రేక్ అయిపోగానే రెండో ప్రతిలో అదే బ్రేక్ అందుకుని, ఈలోగా మొదటిదాన్ని మళ్లీ బ్రేక్ మొదటికి తెచ్చుకుంటే, డ్రమ్ములు ఎంతసేపైనా మోగుతాయి. జమైకా నుంచి న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ వచ్చిన డీజే కూల్ హర్క్ 1970లలో పట్టుకున్న కిటుకు ఇది. 1973 ఆగస్టు 11న 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో జరిగిన పార్టీ నుంచే హిప్‌హాప్ వయసు లెక్కపెడతారు. బడికి కొత్త బట్టలు కొనుక్కునే డబ్బు కోసం ఆ పార్టీ పెట్టింది అతని చెల్లెలు సిండీ. టికెట్టు ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50.

నాలుగో వారం

కింద రబ్బరు చాప ఉంటే రికార్డు పళ్లానికి అతుక్కుపోతుంది. దాని బదులు పలచని ఫెల్ట్ గుడ్డ వేసి, దాని కింద రికార్డు కవరులోని ప్లాస్టిక్ కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి పెట్టాను. ఇప్పుడు పళ్లెం తిరుగుతున్నా రికార్డు వేలి కింద కదలకుండా ఆగుతుంది. సూది రికార్డు మీద మోపే బరువు 3 గ్రాములు. అంతకు తగ్గిస్తే వెనక్కి తిప్పినప్పుడు గాడి దాటేస్తోంది. పైన మా అబ్బాయి మెట్లు దిగినా సూది గెంతుతోందని బల్ల కాళ్ల కింద సిమెంటు పలకలు పెట్టాను.

ఏడో వారం

హర్క్ బ్రేక్ ఎక్కడుందో కంటితో చూసి సూది దించేవాడు, కాబట్టి దరువు అక్కడక్కడా తప్పేది. దాన్ని లెక్కలోకి తెచ్చినవాడు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్. వృత్తివిద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ చదివిన కుర్రవాడు. రికార్డు మీద క్రేయాన్‌తో గుర్తు పెట్టి, గడియారం ముల్లులా చదివేవాడు. నేనూ ఒక చిన్న స్టిక్కరు అంటించి లెక్క వేశాను.

ఎల్పీ ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు. నా బ్రేక్ వేగం నిమిషానికి 100 దరువులు. అది నాలుగు బార్లు, బార్‌కు నాలుగు దరువుల చొప్పున 16 దరువులు, 9.6 సెకన్లు. భాగిస్తే అయిదు చుట్లు, ఆపైన మూడో వంతు. అంటే 12 దగ్గర బయలుదేరిన స్టిక్కరు బ్రేక్ అయ్యేసరికి 4 దగ్గర ఉంటుంది. రెండో ప్రతి మోగుతున్న 9.6 సెకన్లలో మొదటిదాన్ని అయిదు చుట్లు వెనక్కి తిప్పి, 4 నుంచి 12 దాకా మళ్లీ లాగి, హెడ్‌ఫోన్‌లో మొదటి దరువు విని, వేలితో ఆపి ఉంచాలి. ఇన్నాళ్లూ అయిదు చుట్లే తిప్పి, తప్పెక్కడో తెలియక జుట్టు పీక్కున్నాను. వేగం మీట జరిపితే చుట్ల లెక్క మారుతుందేమో అని కూడా భయపడ్డాను. మారదు, రికార్డూ దరువూ కలిసే నెమ్మదిస్తాయి.

పదకొండో వారం

మా అబ్బాయి బడిలో క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే మీద వ్యాసం రాశాడు. 1948లో పని మొదలైన ఆ రహదారి ఇళ్ల మధ్య నుంచి వేల కుటుంబాలను ఖాళీ చేయించింది. తర్వాత బీమా డబ్బు కోసం ఇంటి యజమానులే భవనాలకు నిప్పు పెట్టించారు. 1975లో న్యూయార్క్ నగరానికి వచ్చిన ఆర్థిక సంక్షోభంతో బడుల్లో సంగీతం పాఠాలకూ కోత పడింది. చేతికి వాయిద్యం అందని పిల్లలకు వాళ్ల నాన్నల రికార్డులే వాయిద్యాలయ్యాయి. మేం ఈ దేశం వచ్చిన కొత్తలో మనవాళ్లే, నల్లవాళ్ల పేటల వైపు పోవద్దని జాగ్రత్త చెప్పారు. ఆ పేటలు అలా ఎందుకయ్యాయో ఒక్కరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"నాన్నా, నా వ్యాసం ఈ దరువు మీద చదవనా?" అన్నాడు మావాడు. మీట పైకి జరిపి 108 దరువుల దగ్గర పెట్టాను. వాడికి ఊపిరి ఆడలేదు, సగం మాటలు మింగేశాడు. 92కు దించాను. నాలుగు బార్లకు దాదాపు ఒకటిన్నర సెకన్లు ఎక్కువ దొరికాయి. వాక్యం మొత్తం పట్టింది.

అప్పుడు ఫ్లాష్ బృందం పేరుతో వచ్చిన ర్యాప్ పాట, అంటే దరువు మీద మాటలు పలికే పాట, "ది మెసేజ్" గుర్తొచ్చింది. 1982లో వచ్చిన ఆ పాట అప్పటి పార్టీ రికార్డులకన్నా నిదానం. విడుదల చేసిన షుగర్ హిల్ సంస్థది మా న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్డే. పేదవాడలో పుట్టిన పిల్లవాడు చివరికి జైల్లో ఉరి వేసుకునే ఆఖరి చరణాన్ని ఆ బృందంలోని ర్యాపర్ మెలీ మెల్ 1979లోనే ఇంకో పాటలో పాడాడు. పార్టీ హోరులో అది పెద్దగా ఎవరి చెవికీ ఎక్కలేదు. నిదానించాక జనం ఆగి విన్నారు. ఇంతకీ రికార్డు మీద పేరు ఫ్లాష్‌దే అయినా అందులో అతని టర్న్‌టేబుళ్లు లేవు, సంగీతమంతా స్టూడియోలో వాయించినది. నేను మూడు నెలలుగా కుస్తీ పడుతున్న విద్య నాకిష్టమైన పాటలోనే లేదని మావాడు నవ్వుతూనే ఉన్నాడు.

వాడికి ఈ కాలపు ర్యాపర్ కెండ్రిక్ లామార్ కావాలి. 2015లో నల్లజాతి యువత ఊరేగింపుల్లో అరిచిన పల్లవి అతనిది, 2018లో పులిట్జర్ బహుమతి వచ్చింది కూడా అతనికే. కంప్యూటర్లో ఇదంతా రెండు నిమిషాల పని కదా అన్నాడు. నిజమే.

పద్నాలుగో వారం

నిన్నటి లెక్క: 20 ప్రయత్నాల్లో 13 సరిగ్గా పడ్డాయి. ఎడమ చేత్తో 4, కుడి చేత్తో 9. ఎడమ చెయ్యి స్టిక్కరును 12 దాటించి ముందుకు తోసేస్తోంది. మొదటి ప్రతిలో బ్రేక్ మొదలయ్యేచోట గాడి అరిగి, వేడి పెనం మీద నీళ్లు పడినట్టు చుయ్ మంటోంది. ఒకేచోట వెనక్కి తిప్పితే అంతేనట. మూడో ప్రతి కోసం వెతుకుతున్నాను. మావాడి వ్యాసానికి 92 దగ్గర పదకొండు బ్రేకులు కావాలి. ఇప్పటిదాకా ఏడు దాటలేదు.