మా మేనల్లుడికి తేలికపాటి బెల్ట్ కిట్ కుట్టించాను, వన్‌టౌన్‌లో చెడింది, ఆటోనగర్‌లో కుదిరింది

మా మేనల్లుడు జవాను. సెలవుకి గుంటూరు వచ్చి "మామయ్యా, ప్రాక్టీస్‌కి తేలికైన బెల్ట్ కిట్ ఒకటి కావాలి" అన్నాడు. అంటే మ్యాగజైన్లు, నీళ్ల సీసాలు పెట్టుకునే పౌచ్‌లు (చిన్న సంచులు) తగిలించిన నడుం బెల్ట్. నేనూ ఫౌజులో చేసి వచ్చినవాణ్ణే, భుజాలు కోసుకుపోయేలా మోసినవాణ్ణే, అందుకని దగ్గరుండి నేనే కుట్టిస్తానన్నాను.

తూటాలు నింపిన ఏకే రైఫిల్ మ్యాగజైన్ ఒక్కోటి 800 గ్రాముల పైమాటే. ఆరు పెడితే 5 కిలోలు, రెండు లీటర్ల నీళ్లు ఇంకో 2. వాటిని తగ్గించలేం, తగ్గేదల్లా గుడ్డ, బకిళ్ల దగ్గరే. అందుకే కార్డ్యూరా అనే గట్టి నైలాన్ గుడ్డలో 1000 డెనియర్ (దారం మందం లెక్క) కాకుండా తేలికైన 500 డెనియర్‌ది తెప్పించాను, మామూలు ఆలివ్ గ్రీన్. 2022లో వచ్చిన సైన్యం కొత్త కాంబాట్ యూనిఫాం డిజైన్ గుడ్డ మాత్రం బయట కొనకండి, ఆ డిజైన్ హక్కులు సైన్యానివి.

అసలు బాధ కుట్టు దగ్గర. పౌచ్‌లు తగిలించే మోలే పద్ధతిలో 25 మి.మీ. నవారు వరసలు, మధ్యలో 25 మి.మీ. ఖాళీ, ప్రతి 38 మి.మీ.కి ఒక గట్టి అడ్డకుట్టు ఉండాలి. ఈ లెక్క కుదిరితే పౌచ్ ఎక్కడ కొన్నా ఎక్కుతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో బ్యాగులు కుట్టే ఒక షాపులో కాగితం మీద బొమ్మ గీసి, కొలతలు రాసి, నమూనా పౌచ్ కూడా ఇచ్చాను. ఓనరు కాగితం వైపు చూడనైనా లేదు. తీరా చూస్తే అడ్డకుట్లు 50 మి.మీ.కి ఒకటి, అదీ ఒంటి కుట్టు! పౌచ్ తగిలిస్తే వేలాడుతోంది. అడిగితే, నలుగురు కస్టమర్ల ముందు "సినిమా వేషానికి ఇంత గొడవెందుకు పెద్దాయనా" అన్నాడు. సరిహద్దులో ఉన్న పిల్లాడు వేసుకునేదాన్ని వేషం అంటాడా! ఒళ్లు మండిపోయింది. పైగా కూలి మొత్తం వసూలు చేశాడు. కొలతలు చూడని షాపులో అడ్వాన్సు ఇవ్వకండి, ఆ షాపు ఎంత పెద్దదైనా సరే.

తర్వాత ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే మాస్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన నమూనా పౌచ్‌ని తిరగేసి, స్కేలు పెట్టి కొలిచి, "బాబు దీంతో బోర్లా పడుకోవాలా సార్?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకే దండం పెట్టాలనిపించింది. మందపాటి నైలాన్ దారంతో ఒక్కో అడ్డకుట్టూ ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు కొట్టాడు. పాత కుట్లు విప్పిన కూలి కూడా వద్దన్నాడు.

అమరిక తేలికే. బెల్ట్ తుంటి ఎముకల మీద కూర్చోవాలి, భుజం పట్టీలు జారకుండా పట్టుకోవడానికే. పొట్ట మధ్యలో ఏమీ పెట్టకూడదు, సీసాలు వెనక పక్కలకి, గాయాల కట్టు ఏ చేత్తోనైనా అందేచోట. మ్యాగజైన్ల బదులు ఇసుక పొట్లాలు నింపి బీఆర్ స్టేడియంలో పరుగెత్తించాను. కుడి పక్క పట్టీ కొంచెం వదులైంది, బిగించాం. మళ్లీ కదల్లేదు.

యూనిట్‌కి తీసుకెళ్లాడు. గుడ్డ, నవారు ఇంకొకరికి సరిపడా మిగిలాయి. గుంటూరు వైపు ఫౌజీ పిల్లలెవరికైనా కావాలంటే ఇస్తాను, ఆటోనగర్‌కి నేనే తీసుకెళ్తాను.