మధ్యాహ్నం నిద్ర

చిన్నిది ఈ రోజు కూడా స్కూల్లో నిద్రపోయిందట. వరసగా మూడో రోజు. టీచర్ ఫోన్ చేయగానే గుండె ఆగినంత పనైంది. ఓటీసీ లోపమంటే ప్రోటీన్ నుంచి వచ్చే అమోనియాని ఒళ్లు సరిగా యూరియాగా మార్చుకోలేని పుట్టు జబ్బు, అమోనియా పెరిగితే పిల్ల మత్తులోకి జారుతుంది. అలాంటి పిల్ల తల్లికి అమోనియా తప్ప ఇంకేం గుర్తొస్తుంది? డాలస్ ట్రాఫిక్‌లో అద్దంలో దాని మొహమే చూస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాను.

రక్తం తీసే అమ్మాయి కొత్తది. చేతికి రబ్బరు పట్టీ కట్టబోతే వద్దన్నాను. పట్టీ బిగించినా, పిల్ల పిడికిలి బిగించి ఏడ్చినా అమోనియా ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ట్యూబుని వెంటనే ఐసులో పెట్టాలి, లేకపోతే అందులోనే పెరిగిపోతుంది. పాపం ఆ అమ్మాయి విసుక్కోలేదు.

రిజల్ట్ 32. నార్మలే. హమ్మయ్య అనుకున్నాను గానీ, పిల్ల నా భుజం మీద ఇంకా తూగుతూనే ఉంది.

మందు డోసు ఎప్పుడు పెంచామని డాక్టర్ గారు అడిగారు. బరువు పెరిగిందని పెంచి మూడు వారాలైంది. దానికి వేసే మందు, గ్లిసరాల్ ఫినైల్‌బ్యూటిరేట్, ఒంట్లో ఫినైల్‌అసిటేట్‌గా మారుతుంది. అది గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లంతో కలిసి ఫినైల్‌అసిటైల్‌గ్లూటమిన్ అయి, అమోనియా కావలసిన నైట్రోజన్లను యూరియా లాగే రెండేసి మోసుకుంటూ మూత్రంలో పోతుంది. ఈ కలిసే పని వెనకబడితే ఫినైల్‌అసిటేట్ రక్తంలో పేరుకుపోయి మత్తు, తలనొప్పి, వాంతులు తెస్తుంది. అచ్చం అమోనియా పెరిగినట్టే! మందు చాలకపోయినా నిద్రే, ఎక్కువైనా నిద్రే. పైకి చూసి ఎలా చెప్పడం? అందుకే ఫినైల్‌అసిటేట్, ఫినైల్‌అసిటైల్‌గ్లూటమిన్ రెండూ రక్తంలో ఎంతెంత ఉన్నాయో కొలుస్తారట. మొదటిది రెండోదానికి 2.5 రెట్లు దాటితే మందు సరిగా మారడం లేదేమోనని అనుమానించాలి. పొద్దున డోసు ఎన్నింటికి వేశానో కూడా రాసుకున్నారు, వేళని బట్టి అంకెలు మారతాయి కదా.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "నీరసమేమోనే, కాస్త ముద్దపప్పు, నెయ్యి కలిపి పెట్టు" అంది. పప్పంటే ప్రోటీన్, దాన్ని గ్రాముల్లో తూచి పెట్టే ఇల్లు మాది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఈసారి వాదించే ఓపిక లేక "సరేలే" అన్నాను.

రిపోర్టుకి కొన్ని రోజులు పడుతుంది. అప్పటిదాకా అదే డోసు, మత్తు పెరిగితే వెంటనే రమ్మన్నారు. అన్నం తింటుంటే మందు సిరంజితో నోట్లో పోశాను. నూనెలా జారిపోతుంది, మారాం చేయదు. ఇదివరకటి మందు, సోడియం ఫినైల్‌బ్యూటిరేట్ పొడికైతే రోజూ యుద్ధమే.

ఫ్రిజ్ మీద కాగితంలో డోసు వేసిన టైము 8.10 అని రాశాను. పక్కనే, తింటూ రెండుసార్లు ఆవలించింది అని కూడా.