గేదె త్రేన్పులో పోతున్న మేత

ఈ ఉదయం పాలు పితుకుతుండగా మా గేదె తల తిప్పి గట్టిగా త్రేన్చింది. చూడి పరీక్షకు వచ్చిన పశువైద్యుడు అది విని, "అమ్మా, మీరు వేసిన మేతలో కొంత ఇలా గాలిలో కలిసిపోతోంది" అన్నారు.

ఆ మాట రోజంతా నన్ను వదలలేదు. పశువు తిన్న మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం వరకు పొట్టలోని సూక్ష్మజీవుల వల్ల మీథేన్‌గా మారి, ఎక్కువగా నోటి ద్వారానే బయటికి పోతుంది. అంటే నేను డబ్బు పోసి కొన్న తవుడు, చెక్కలలో కొంత భాగం పాలు కావలసింది పోయి, 20 ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు భూమిని వేడెక్కించే వాయువు అవుతోంది. అయితే మీథేన్ గాలిలో నిలిచేది సుమారు 12 ఏళ్లే కనుక, ఇప్పుడు తగ్గిస్తే ఫలితాన్ని మన తరమే చూడగలదు.

ఎండు వరిగడ్డి మీదే బతుకుతూ తక్కువ పాలిచ్చే పశువు నుంచి లీటరుకు వెలువడే మీథేన్ ఎక్కువ. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ చెప్పే సమతుల దాణా పాలను పెంచుతూనే దీనిని తగ్గిస్తుంది.

డెన్మార్క్ 2030 నుంచి పశువుల ఉద్గారాలపై పన్ను వేయనుంది. రెండు గేదెలతో పిల్లలను చదివించుకునే ఇంటిపై అలాంటి భారం మోపడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ ఇంటికి కావలసింది పచ్చిమేత విత్తనం, ఖనిజ లవణ మిశ్రమం, ఊళ్లోకి వచ్చి చెప్పే మనిషి.

సాయంత్రం వరిగడ్డిని ముక్కలుగా నరికి, గట్టున కోసిన పిల్లిపెసర కలిపి తొట్టిలో వేశాను.