స్క్రీన్ షేర్ చెయ్యమంటే గుండె దడే

ఎనిమిదేళ్ళుగా కోడ్ రాస్తున్నా. అయినా మొన్నమొన్నటిదాకా ఎవరైనా "ఒకసారి స్క్రీన్ షేర్ చెయ్యి" అంటే చాలు గుండె దడ మొదలయ్యేది, గూగుల్‌లో ఏం వెతికానో కనిపిస్తుందేమో, ఇంత చిన్నది కూడా రాదా అనుకుంటారేమో అని కాల్ కలిసేలోపే ట్యాబ్‌లన్నీ మూసేసేదాన్ని.

ఉద్యోగం వస్తే ఆ రోజు తెలిసిన ప్రశ్నలు పడ్డాయి అనుకున్నా, ప్రమోషన్ వస్తే మేనేజర్ మంచాయన కాబట్టి ఇచ్చాడనుకున్నా. బగ్ వస్తే మాత్రం అది నూటికి నూరు పాళ్ళు నా తెలివితక్కువతనమే.

1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అని ఇద్దరు సైకాలజిస్టులు సరిగ్గా దీని గురించే రాశారు, అదీ బాగా చదువుకుని పైకొచ్చిన ఆడవాళ్ళని చూసి. ఇప్పుడు అందరూ ఇంపోస్టర్ సిండ్రోమ్ అంటున్నారు, అంటే నిజంగా తెలివి లేకపోయినా అందర్నీ మోసం చేసి నెట్టుకొస్తున్నాననే భయం. వాళ్ళు మాత్రం సిండ్రోమ్ అని కూడా అనలేదు, ఇంపోస్టర్ ఫినామినన్ అన్నారు. అంటే ఇది జబ్బు కాదు. అది చదివిన రోజు నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను.

మన పనిలో ఇది ఇంకా ఎక్కువ అవడానికి నాకు తోచిన కారణం ఒకటుంది. పక్కవాళ్ళ పుల్ రిక్వెస్ట్, అంటే రాసిన కోడ్‌ని కలుపుకోమని టీమ్ ముందు పెట్టేది, ఎప్పుడు చూసినా నీట్‌గా ఉంటుంది, కానీ దానికి ముందు వాళ్ళు రాసి చెరిపేసిన పది ప్రయత్నాలు స్క్వాష్ చేశాక, అంటే మార్పులన్నీ ఒక్కటిగా కలిపేశాక, ఎవరికి కనిపిస్తాయి చెప్పండి? మన చెత్త అంతా మనకి కనిపిస్తుంది, వాళ్ళది కనిపించదు, ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని రాత్రిళ్ళు ఏడవడం.

నాకు మార్పు వచ్చింది ఒక తేదీ బగ్ వల్ల. కొంతమంది యూజర్లకి మాత్రం పుట్టినరోజు ఒక రోజు ముందు చూపిస్తోంది. రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే కొట్టుకున్నా, మూడో రోజు ఇంక తప్పక మా టీమ్‌లో సీనియర్ ఒకాయన్ని అడిగా. "ఏమ్మా, రెండు రోజులు నీలో నువ్వే పెట్టుకున్నావా?" అని ఆయనే స్క్రీన్ షేర్ చేసి, నా కళ్ళముందే డాక్యుమెంటేషన్ వెతికారు. జావాస్క్రిప్ట్‌లో తేదీ ఒక్కటే ఇస్తే దాన్ని యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ప్రామాణికంగా పెట్టుకున్న టైమ్, అనుకుంటుంది, టైమ్ కూడా కలిపి ఇస్తే లోకల్ అనుకుంటుంది, అందుకే యూటీసీకి వెనక ఉన్నవాళ్ళకి ముందురోజు పడుతోంది. "ఇది నేను ప్రతిసారీ మర్చిపోతా, ప్రతిసారీ వెతుక్కుంటా" అన్నారు మామూలుగా. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే రైల్స్ తయారుచేసిన డేవిడ్ హైన్‌మయర్ హాన్సన్ కూడా 2017లో వైట్‌బోర్డ్ మీద బబుల్ సార్ట్ (అంకెల్ని వరసలో పెట్టే, మొదట్లోనే నేర్పే చిన్న పద్ధతి) రాయమంటే తనకి రాదని ట్విట్టర్‌లో ఒప్పుకున్నాడు, అది ఎప్పుడో చదివా కానీ అంత పెద్దాయన మాట నాకు అంటలేదు. రోజూ పక్కన పనిచేసే మనిషి అలా వెతుక్కోవడం చూశాకే నమ్మకం కుదిరింది.

అప్పట్నుంచి అరగంట దాటి ఇరుక్కుంటే ఏమేం ట్రై చేశానో రాసి, ప్రైవేట్‌గా కాకుండా టీమ్ ఛానల్‌లోనే అడుగుతున్నా. మొదటి నాలుగైదుసార్లు ఎంటర్ నొక్కడానికి చెయ్యి వణికింది నిజంగా. కానీ నేను అడిగినదానికి ఇంకో ఇద్దరు "నాకూ ఇదే డౌట్" అని రాసినప్పుడు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, ఇన్నేళ్ళూ ఇది నాకొక్కదానికే అనుకున్నా కదా.

భయం పూర్తిగా పోలేదు. నిన్న నా కోడ్ రివ్యూలో ఒకరు "ఇక్కడ లాక్ ఎందుకు పెట్టావ్?" అని అడిగితే ఒక్క క్షణం ఒళ్ళు చల్లబడింది. "గుర్తులేదు, చూసి చెప్తా" అన్నా. సాయంత్రం కూర్చుని చూశా. అక్కర్లేదు. తీసేశా.