సర్క్యులర్ ఆర్ఎన్ఏ: పీసీఆర్‌లో బ్యాండ్ రాగానే నమ్మకండి

రెండు కొసలూ అతుక్కుని ఉంగరంలా ఉండే ఈ ఆర్ఎన్ఏకి పాలీ-ఏ తోక (చివర వరసగా ఉండే 'ఏ' అక్షరాలు) లేదు. ఆ తోకకి అంటుకునే ఒలిగో-డీటీతో సీడీఎన్ఏ (ఆర్ఎన్ఏకి డీఎన్ఏ నకలు) చేస్తే చేతికి రాదు, ఎక్కడైనా అంటుకునే ఆరక్షరాల రాండమ్ హెక్సామర్లే వాడాలి. పీసీఆర్ ప్రైమర్లు (కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఎదురెదురుగా కాకుండా వీపులు తిప్పుకుని ఉండాలి, అప్పుడే ఉంగరం మూసుకున్న బ్యాక్-స్ప్లైస్ అతుకు దొరుకుతుంది.

కానీ సీడీఎన్ఏ చేసే ఎంజైమ్ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఒక ఆర్ఎన్ఏ మీంచి ఇంకోదాని మీదికి దూకి ఉత్తుత్తి అతుకులు పుట్టిస్తుంది. అందుకే లీనియర్ (కొసలున్న) ఆర్ఎన్ఏని తినేసి ఉంగరాన్ని వదిలేసే ఎంజైమ్ ఆర్ఎన్ఏజ్-ఆర్ వేయాలి: మైక్రోగ్రాము ఆర్ఎన్ఏకి 3 యూనిట్లు, 37 డిగ్రీల సెల్సియస్, 15 నిమిషాలు. పోల్చి చూడడానికి ఈ ఎంజైమ్ వేయని ట్యూబు పక్కనే ఉండి తీరాలి. జీ-క్వాడ్రుప్లెక్స్ ('జీ' అక్షరాలు ఎక్కువున్న చోట పడే) మడతల దగ్గర ఈ ఎంజైమ్ ఆగిపోయి లీనియర్ ముక్క మిగులుతుంది; బఫర్‌లో పొటాషియం తీసేసి లిథియం వేస్తే ఆ మడత వదులవుతుంది.

2013లో మైక్రోఆర్ఎన్ఏలని (జన్యువులని అణిచే చిన్న ఆర్ఎన్ఏలని) పీల్చుకునే స్పాంజ్‌గా తేలిన సర్క్యులర్ ఆర్ఎన్ఏ సీడీఆర్1-ఏఎస్ మీద ఎంఐఆర్-7 అనే మైక్రోఆర్ఎన్ఏ అంటుకునే చోట్లు 70కి పైగా ఉన్నాయి. ఒకటి రెండు చోట్లున్న ప్రతిదాన్నీ స్పాంజ్ అనేయడం మాత్రం అన్యాయం.