చిన్నదాని ప్లేటు

రాత్రి పదకొండున్నరైంది, పొద్దున ఆరింటికి లేవాలి, అయినా ఇది రాసేస్తే గానీ నిద్రపట్టేలా లేదు.

ఇవాళ 2025 అక్టోబర్ 6, చిన్నదాని స్కూల్లో మూన్‌కేక్ పండగ. చైనావాళ్ళ ఎనిమిదో నెల పౌర్ణమి. పోయినేడు సెప్టెంబర్ 17నే వచ్చేసింది, ఈసారి వాళ్ళకి అధికమాసం పడటంతో జరిగి జరిగి సరిగ్గా మన ఆశ్వయుజ పౌర్ణమి మీదకొచ్చింది. సింగపూర్లో దీనికి సెలవుండదు కాబట్టి సాయంత్రం ఆరున్నరకి అమ్మానాన్నలు, తాతలు, అమ్మమ్మలు అందరూ రండని పిలిచారు. చైనావాళ్ళ కొత్త సంవత్సరానికి డబ్బులు పెట్టిచ్చే ఎర్ర కవర్లుంటాయి కదా, అవి దాచిపెట్టి పిల్లలతోనే లాంతర్లు చేయించారు. మనమ్మాయిది ఒక పక్కకి ఒరిగిపోయింది, అయినా ఎంత జాగ్రత్తగా పట్టుకుందో. చైనీస్ టీచర్, పిల్లలంతా లావ్‌షీ అంటారు, వాళ్ళ చంద్రదేవత చాంగ్అ కథ చెప్పింది. ఆవిడ చావులేకుండా చేసే మందు తాగి చంద్రుడి మీదకి ఎగిరిపోవడం, అక్కడ కుందేలు కూర్చుని ఆ మందు నూరుతుండటం. అది వినగానే చిన్నది అందరిలో తెలుగులో "అమ్మా, మన చందమామలోనూ కుందేలే కదా!" అని అరిచింది. అక్కడిదాకా బావుంది.

తర్వాత ప్లేట్లు వచ్చాయి. పిల్లలంతా గుండ్రంగా కూర్చుంటే మధ్యలో మూన్‌కేక్ ముక్కలు, పంపరపనస తొనలు. మా దానికి మాత్రం విడిగా ఒక పేపర్ ప్లేటు, దాని మీద ఆకుపచ్చ స్టిక్కర్, పేరు, కింద వెజ్ అని. అందులో కాసిని చిప్స్, నాలుగు ద్రాక్షపళ్ళు. మూన్‌కేక్ లోపల తామరగింజల ముద్ద, ఆ మధ్యలో ఉప్పులో ఊరేసిన బాతుగుడ్డు సొన ఉంటుంది, కోస్తే నిండు చంద్రుడిలా కనపడాలని. సరే, గుడ్డు కాబట్టి పెట్టలేదనుకుందాం, మరి పంపరపనసేం చేసింది? పక్కన పిల్లాడు తొక్క నెత్తిన టోపీలా పెట్టుకుని నవ్వుతున్నాడు, మాది ఒక్కో చిప్సూ తీసి నాకుతూ వాణ్నే చూస్తోంది. పండగని పిలిచి ఐదేళ్ళ పిల్లని వేరే ప్లేటుతో కూర్చోబెడతారా? ఒళ్ళు మండిపోయింది నాకు. వెళ్ళి టీచర్‌తో కనీసం పండైనా పెట్టాల్సింది కదా అన్నాను, గొంతు కూడా పెరిగినట్టుంది, ఈయన చెయ్యి పట్టుకుని లాగారు.

ఇంటికొస్తుంటే బస్సులో నాకు ఎప్పటిదో అట్లతద్ది గుర్తొచ్చింది. రెండో క్లాసులో అనుకుంటా, సరిగ్గా ఆ ముందురోజే నాకు జ్వరం. తెల్లవారుజామున నాలుగింటికి ఆడపిల్లలందరూ లేచి, గోరింటాకు చేతులతోనే, పెదనాన్నగారి పెరట్లో లాంతరు పెట్టుకుని చద్దన్నం, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, గడ్డపెరుగు తింటున్నారు. నన్ను మాత్రం దుప్పటి కప్పి గుమ్మంలో కూర్చోబెట్టి గ్లాసుడు పాలు, రెండు బ్రెడ్డు ముక్కలు చేతికిచ్చింది అమ్మ. ఆ బ్రెడ్డు పాలల్లో ముంచితే మెత్తబడి విరిగి అడుక్కి జారిపోయేది, నేను వేలు పెట్టి తీసుకుంటూ పెరట్లోకే చూసేదాన్ని. అందరూ అట్లతద్దోయ్ అని అరుచుకుంటూ వీధిలోకి పరిగెత్తారు. చింతచెట్టుకి కట్టిన ఉయ్యాల చప్పుడు నా దాకా వినపడేది. అప్పుడు పెదనాన్న కూతురు, మా పెద్దక్క, వెనక్కొచ్చి గిన్నెలో మిగిలిన గోంగూరన్నం ఒక్క ముద్ద చేసి నా నోట్లో పెట్టి, ఎవరికీ చెప్పకే అని మళ్ళీ పరిగెత్తింది. ఆ రోజు జ్వరం పెరిగిందో తగ్గిందో నాకు తెలీదు, ఆ పులుపు మాత్రం ఇప్పటికీ తెలుసు.

ఇదంతా చెప్తే ఈయన నెమ్మదిగా "ఫారం నింపింది నువ్వే కదా" అన్నారు. నిజమే. జనవరిలో ఇచ్చిన ఫారంలో హలాల్, వెజిటేరియన్, అలర్జీ అని మూడే గళ్ళు. ఎక్కడ చికెన్ పెట్టేస్తారో అన్న భయంతో నేనే వెజిటేరియన్ దగ్గర టిక్కు పెట్టా. ఇంట్లో ఆమ్లెట్ వేసి పెడతాను, పుట్టినరోజుకి గుడ్డు కేకే కోస్తాం, కానీ గుడ్డు తింటుంది మాంసం తినదు అని రాయడానికి అక్కడ గడి లేదు. ఇక్కడ మనకి ఎందులోనూ గడి ఉండదు. ప్రైమరీ స్కూలుకెళ్తే మాతృభాష కింద చైనీస్, మలయ్, తమిళం, కాదంటే హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ, వీటిల్లోంచే ఎంచుకోవాలి, తెలుగు లేదు. ఆ ఏడుపు ఇంకోరోజు ఏడుస్తాను.

టీచర్ బయటికొచ్చి ఏం చెప్పిందో కూడా రాయాలి కదా. కొంతమంది మూన్‌కేక్ పై పిండిలో పందికొవ్వు వేస్తారట, ఈ బేకరీవాళ్ళు సరిగ్గా చెప్పలేదట, అందుకే పెట్టలేదంది. చిప్స్ పాకెట్టు కూడా వెనకాల చదివి మరీ కొన్నానంది. అలాంటావిడ మీద అరిచాను. నేను అడిగిందే ఆవిడ చేసింది, అక్షరం పొల్లుపోకుండా. ఆ బ్రెడ్డు ఇచ్చినప్పుడు అమ్మ కూడా అంతే కదా, ఒంట్లో బాగాలేని పిల్లకి గోంగూర ఎలా పెడుతుంది. ఇన్నేళ్ళూ అమ్మ మీద ఎందుకు కోపం పెట్టుకున్నానో. అయినా సరే, పంపరపనస పెట్టాల్సింది. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఇప్పుడే యూనిఫాం వాషింగ్ మెషీన్లో వేస్తూ జేబు చూస్తే టిష్యూలో చుట్టిన ముక్క. నలిగి అప్పచ్చిలా అయిపోయింది, పసుప్పచ్చ సొన టిష్యూకి అంటుకుంది, ఒక మూల కొరికిన పంటిగాట్లు. పక్క పిల్లాడి అమ్మమ్మ, వాడు పోపో అని పిలుస్తాడు, ఆవిడే ఇచ్చుంటుంది, వెళ్ళేటప్పుడు దీన్ని దగ్గరికి తీసుకోవడం చూశాను. నేను ఒక పిసరు తుంపి నోట్లో వేసుకున్నా. పూర్ణంలా ఉంది, నెయ్యి వాసన లేదు, చివర్లో ఉప్పగా తగిలింది. మిగిలింది చీమలు పట్టకుండా గిన్నెలో పెట్టి నీళ్ళ పళ్ళెంలో ఉంచాను. పొద్దున లేచాక తింటుందో, నన్ను చూసి భయపడుతుందో.

గురువారం అట్లతద్ది. క్లాసుకి అట్లు పంపొచ్చా అని రేపు టీచర్ని అడుగుతాను, ముందు సారీ చెప్పి. మిగతా పిల్లలకి ఏవేం పడవో కూడా కనుక్కోవాలి.