మాంజా కోసిన గద్ద: సూదీ దారం తీసే ముందు

జనవరిలో హైదరాబాద్‌లో పక్షుల కేసులు చూసే వెటర్నరీ విద్యార్థికి మాంజా (గాజుపొడి పూసిన గాలిపటం దారం) గాయంతో గద్ద ఎదురవకుండా ఉండదు. రెక్క చీలి రక్తం కనిపించగానే చేయి కుట్ల వైపు పోతుంది. కానీ ఆ గంటలో గద్దను చంపేవి షాకూ (రక్తప్రసరణ కుంగిపోవడం), ఒంట్లో నీరు ఇంకిపోవడమూ. కుట్లు రేపైనా వేయొచ్చు.

వెనక నుంచి తువ్వాలు కప్పి, తల మూసి, రెండు కాళ్లనూ గట్టిగా పట్టుకోండి. గద్ద గాయపరిచేది ముక్కుతో కంటే గోళ్లతోనే. ఛాతీని మాత్రం నొక్కొద్దు. పక్షికి డయాఫ్రమ్ (ఊపిరి తీయించే కండరపు పొర) ఉండదు, రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరాడుతుంది. నోరు తెరిచి రొప్పుతుంటే పరీక్ష ఆపి, చీకటి పెట్టెలో అరగంట వదిలేయండి. నోట్లో నీళ్లు పోయొద్దు, శ్వాసద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది.

తర్వాత తూకం. 700 గ్రాముల గద్దలో 10 శాతం నీరు తగ్గిందనుకుంటే లోటు 70 మిల్లీలీటర్లు. రోజువారీ అవసరం కిలోకు 50 చొప్పున 35. మొదటి రోజు లోటులో సగమూ ఈ 35 కలిపి 70 మిల్లీలీటర్లు ఇస్తే చాలు. రింగర్ లాక్టేట్ అనే లవణ ద్రవాన్ని 38-39 డిగ్రీలకు వెచ్చబెట్టి, తొడకూ పొట్టకూ మధ్య చర్మం మడతలో, ఒకసారికి 10 మిల్లీలీటర్లు దాటకుండా, విడతలుగా ఎక్కించండి. పక్షి బాగా నీరసించి ఉంటే ఎముకలోకి ఇవ్వాలి, అదీ రెక్కలో మోచేతి కింది ఎముక అల్నాలోకో, మోకాలి కింది ఎముక టిబియోటార్సస్‌లోకో. భుజం, తొడ ఎముకలు గాలి సంచులతో కలిసి ఉంటాయి, అక్కడ ఎక్కిస్తే పక్షిని మనమే ముంచినట్టు.

ఇక గాయం. భుజం నుంచి మణికట్టు దాకా సాగే పల్చటి చర్మపు పొర ముందంచులో ఒక టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పోగు) ఉంటుంది. నా లెక్కలో గద్ద భవిష్యత్తు దాని మీదే ఆధారపడుతుంది. అది నిలిచి ఉంటే చర్మం ఎంత చీలినా ఆశ ఉంది. తెగి, కొసలు లోపలికి ముడుచుకుపోతే మళ్లీ ఎగరడం కష్టం. మోచేతి కీలు తెరుచుకుని ఎముక ఎండి రంగు మారితే, నొప్పి లేని మరణం గురించి మొదటి రోజే మాట్లాడాలి. నెలలు గడిచాక ఆ నిర్ణయం తీసుకోవడం పక్షికి అన్యాయం.

మాంజా దారం ఇంకా గాయంలో ఉంటే లాగొద్దు, కత్తిరించి ముక్కలుగా తీయండి. గోరువెచ్చని సెలైన్‌తో కడగండి. చుట్టూ ఉన్న చిన్న ఈకలే పీకాలి. ఎగిరే పెద్ద ఈకను కత్తిరిస్తే ఈకలు రాల్చే కాలం దాకా ఆ మొండి అలాగే ఉంటుంది. నూనె ఆధారిత ఆయింట్‌మెంట్ ఈకలకు అంటితే వాటి వెచ్చదనం పోతుంది.

మాంజా కోసిన అంచులు మొదటి రోజు బాగానే కనిపించి, రెండు మూడు రోజుల్లో నల్లబడతాయి. వెంటనే కుట్టేస్తే కుట్ల వెంటే కండ చచ్చి ఊడిపోతుంది. గాయాన్ని తడిగా ఉంచే హైడ్రోజెల్ డ్రెస్సింగ్‌తో ఆగి, చచ్చిన అంచు తీసేసి, అప్పుడు 4-0 లేదా 5-0 సైజు సన్నటి కరిగే దారంతో, చర్మం బిగుసుకోకుండా కుట్టండి. బిగిస్తే రెక్క పూర్తిగా చాపలేదు.

రెక్కను మడిచి వేసే ఎనిమిది ఆకారపు కట్టు వారాల తరబడి ఉంచినా ఇదే చిక్కు: రెక్క చర్మపు పొర కుంచించుకుపోతుంది. రెండు మూడు రోజులకోసారి విప్పి, ఐసోఫ్లూరేన్ అనే పీల్చే మత్తుమందు ఇచ్చి రెక్కను మెల్లగా చాపాలి.

నొప్పికి మెలాక్సికామ్, కిలోకు 0.5 నుంచి 1 మిల్లీగ్రాము, రోజుకు రెండుసార్లు. డైక్లోఫెనాక్ దగ్గరికే వెళ్లొద్దు. రాబందులను తుడిచిపెట్టిన ఆ మందును పశువైద్యంలో 2006లోనే నిషేధించారు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో నిషేధించారు.

ఒళ్లు వెచ్చబడి, నీరు సరిపోయాకే తిండి. ముందు ఎముకా ఈకా లేని చిన్న మాంసం ముక్కలు, కుదుటపడ్డాక కోడిపిల్లలో ఎలుకలో మొత్తంగా పెట్టాలి. రోజూ బోన్‌లెస్ చికెనే పెడితే కాల్షియం తగ్గుతుంది.

ఇనుప వల గూడులో తోక ఈకలు విరుగుతాయి. పాత ఎక్స్‌రే ఫిల్మ్ మడిచి తోకకు తొడుగు వేయండి. కూర్చునే కర్రకు కృత్రిమ గడ్డి చాప చుట్టండి, లేకపోతే అరికాళ్లలో పుళ్లు పడతాయి. పెద్ద గూడులో అటూ ఇటూ రొప్పకుండా, రెండు రెక్కలూ సమంగా కొడుతూ ఎగిరితేనే వదలాలి, అదీ ఆ పేటలో చెట్లకూ తీగలకూ చిక్కిన దారాలు తీసేశాకే.